కచ్చా కుట్టు మీద వెళ్ళిన కబురు

“ఆ ఫోను ఇవాళ మళ్ళీ మోగితే మన గతేంటే?” అన్నాను.

మా అమ్మాయి కంచం ముందు కూర్చుని వేలితో గీతలు గీస్తోంది. వాళ్ళ నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “మీ అమ్మకి ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. దాన్ని కనిపెట్టినవాడు ముందు మీ అమ్మని చూసి ఉంటే ఆ పని మానుకునేవాడు,” అని నవ్వుకుంటూ డిపోకి వెళ్ళిపోయారు. బస్సులు బాగుచేసే మనిషికి ఆదివారమూ సోమవారమూ ఒకటే. ఆయనకి నేను ఇంకా ఏమీ చెప్పలేదు.

పోయిన వారం భాగం అందనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. మా పై వాటాలో బోర్డులు రాసే పెయింటరూ, లాండ్రీలో ఇస్త్రీ చేసే అతని భార్యా ఉంటారు. పిల్లలు లేరు. దత్తత కోసం పిల్లల కేంద్రంలో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు. పోయిన ఆదివారం మధ్యాహ్నం కేంద్రం పేరుతో ఆమె ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. మీకు రెండేళ్ళ పాపను కేటాయించాం, వచ్చి కలవండి అని. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగివచ్చి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. మర్నాడు ఇద్దరూ వెళితే అక్కడి మేడమ్ కంప్యూటరంతా వెతికి, ఇలాంటి కేటాయింపే జరగలేదు, ఈ మెసేజ్ మీరే ఎక్కడో తయారు చేయించుకుని వచ్చారు అంది. విచారణ చేస్తానంది. వాళ్ళు తల వంచుకుని తిరిగొచ్చారు. ఆ వారం చివర్లో మా అమ్మాయి నన్ను వంటింట్లోకి లాగి, తలుపు దగ్గరగా వేసి, “అమ్మా, అది దొంగ మెసేజ్ కాదు. నా ప్రోగ్రామే పంపింది,” అంది. అక్కడే ఆగాం.

ఆ కేంద్రానికి కంప్యూటరు పని చేసిపెట్టింది మా అమ్మాయి పనిచేసే చిన్న కంపెనీయే. అందులో జనానికి కబుర్లు పంపే భాగం మా పిల్ల చేతి రాత.

అది విన్నప్పటినుంచీ నా కళ్ళ ముందు పోలీసులే. కుక్కరు కూత వేసినా గుమ్మంలోకి జీపు వచ్చిందనుకుంటున్నాను. నేను చదివింది తక్కువ. పెళ్ళైన దగ్గర్నుంచీ మిషన్ మీద బట్టలు కుట్టడం తప్ప నాకు ఇంకో విద్య తెలియదు. అందుకే ఆ రోజు వంటింట్లో దాన్ని ఒకటే అడిగాను.

“పంపిందంటే పాపను ఇచ్చినట్టేగా. మరి వాళ్ళ కంప్యూటర్లో ఎందుకు లేదు?”

అది చుట్టూ చూసింది. వంటింటి తలుపు సందులోంచి నా మిషన్ కనిపిస్తోంది. దాని మీద చిన్న గౌను ఉంది. మెసేజ్ వచ్చిన సాయంత్రమే పెయింటరు భార్య గుడ్డ తెచ్చి ఇచ్చింది. రెండేళ్ళ పిల్లకని అంచనాగా కత్తిరించి, కచ్చా కుట్టు వేసి ఉంచాను. తర్వాత చెయ్యి ఆడలేదు.

“ఆ గౌను మీద ఉన్నది కచ్చా కుట్టే కదా?” అంది.

“అవును. మిషన్ కుట్టు ఇంకా పడలేదు.”

“దారం లాగితే?”

“ఒక్క లాగుడుకి ఊడొస్తుంది. మళ్ళీ ముక్కలు ముక్కలే.”

“మా దగ్గర సేవ్ చెయ్యడమంటే అదేనమ్మా. కమిట్ అనే మాట పడితేనే మిషన్ కుట్టు. పాపను ఒకరికి రాయాలంటే నాలుగైదు పనులు జరగాలి. పాప పేరు పక్కన వీళ్ళ పేరు రాయాలి, వరసలోంచి వీళ్ళని తియ్యాలి, పాప డాక్టరు సర్టిఫికెట్ చూడాలి. అన్నిటినీ ఒక కట్టగా కడతాం. ట్రాన్సాక్షన్ అంటాం దాన్ని. అన్నీ కుదిరితే మొత్తానికి ఒకేసారి మిషన్ కుట్టు పడుతుంది. ఒక్కటి కుదరకపోయినా మొత్తం విప్పేస్తుంది. విప్పాక కుట్టినట్టు సూది గుర్తు కూడా మిగలదు.”

“మరి మెసేజ్?”

“సేవ్ కాగానే దానంతట అదే జరిగేలా ఒక పని తగిలించి పెట్టొచ్చు. కాల్‌బ్యాక్ అంటారు. పాప పేరు పక్కన వీళ్ళ పేరు సేవ్ కాగానే మెసేజ్ వెళ్ళేలా నేను తగిలించాను. వెళ్ళిపోయింది. ఆ తర్వాత అదే కట్టలో సర్టిఫికెట్ వంతు వచ్చింది. దాని గడువు దాటిపోయి ఉంది. కుదరదంది. అంతా విప్పేసింది. వెళ్ళిపోయిన మెసేజ్‌ని మాత్రం ఎవరు వెనక్కి లాగుతారు?”

ఇంత చిన్న సంగతా అనిపించింది. అంతలోనే, ఇంత చిన్న సంగతికా వాళ్ళు అలా కుప్పకూలింది అనిపించింది.

“మిషన్ కుట్టు పడ్డాకే పంపమని రాయకూడదూ?”

“రాయొచ్చు. ఒక్క మాట మారిస్తే చాలు.”

“మరెందుకు రాయలేదే?”

కారుతున్న కొళాయి బిగిస్తూ, “ఎదురుచూసేవాళ్ళు కదమ్మా,” అంది. “ఒక్క క్షణం ముందు తెలిస్తే ఒక్క క్షణం భయం తగ్గుతుందనుకున్నాను. ఎదురుచూడటమంటే ఎలా ఉంటుందో రోజూ నిన్ను చూస్తున్నాగా.”

“నన్నేం చూశావ్?”

“నీకు రోజూ ‘చేరాను’ అని పెడతాను కదా. ఎక్కడినుంచి పెడతాననుకుంటున్నావ్?”

“ఎక్కడినుంచేంటి, ఆఫీసునుంచే.”

“బస్సులో సీటు దొరకగానే పెట్టేస్తానమ్మా. నిజంగా చేరేదాకా ఆగితే నువ్వు ఈలోపు నాన్నకి ఫోన్ చేస్తావు. నాన్న మా మేనేజరుకి చేస్తాడు. మొదటి నెలలో చేశారుగా. ఆఫీసంతా నన్ను ‘చేరావా పాపా’ అని పిలిచేవాళ్ళు.”

ఆ మెసేజ్ వచ్చాకే నేను మిషన్ ముందు కూర్చుంటాను. అది చూసుకుని గుండె మీద చెయ్యి తీస్తాను.

“దారిలో బస్సు ఆగిపోతే?”

“ఆగిపోయిన రోజులు ఉన్నాయి.”

“వానకి రోడ్డు మునిగిన రోజు?”

“ఆ రోజు కూడా ముందే పెట్టేశాను. తర్వాత నడుచుకుంటూ వెళ్ళాను.”

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. బయట కుండపోతగా కురుస్తుంటే, నా బిడ్డ క్షేమంగా చేరిందని హాయిగా కూర్చుని గుండీలు కుట్టుకున్నాను. అది మోకాళ్ళ లోతు నీళ్ళలో నడుస్తోంది.

తిట్టాలనుకున్నాను. కానీ అది చెప్పిన తర్వాతి మాటకి తిట్టూ మర్చిపోయాను.

“ఇంకోటి ఉందమ్మా. ఆ ప్రోగ్రాం ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఏ పిల్ల ఎవరికని జతలు చూస్తుంది. సర్టిఫికెట్ ఇంకా అలాగే ఉంది. వరసలో పై వాటా పిన్నీ వాళ్ళే ముందున్నారు. కాబట్టి మళ్ళీ అదే పాపని వాళ్ళకే రాస్తుంది, మళ్ళీ మెసేజ్ పంపుతుంది, మళ్ళీ విప్పేస్తుంది.”

“ఆపించు తల్లీ. నీ చేతిలో పనేగా.”

“మేనేజరు ముట్టుకోవద్దన్నాడు. మారిస్తే ఎందుకు మార్చామో కేంద్రానికి చెప్పాలట. ఈ ఆదివారం గడిచి విచారణ సద్దుమణగనీ, తర్వాత చప్పుడు లేకుండా సర్దుదాం, అప్పటిదాకా నోరు మెదిపావంటే ఇంకో ఉద్యోగం చూసుకో అన్నాడు.”

ఆ ఆదివారమే ఇది.

కంచం తీసేసి బల్ల తుడుస్తుండగా మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఒకరివి బరువుగా, ఒకరివి ఆగి ఆగి. నేను గోడ గడియారం వైపు చూశాను. మా అమ్మాయీ చూసింది. జతలు చూసే వేళకి ఇంకా కాస్త ఉంది. ఈలోపు వాళ్ళని పంపించెయ్యగలిగితే చాలనుకున్నాను. పైన వాళ్ళింట్లో ఎలా మోగితే అలా మోగనీ. మా ఇంట్లో మాత్రం వద్దు.

“తలుపు తీసే ఉందే అక్కా,” అంటూ పెయింటరు భార్య లోపలికి వచ్చింది. వారంలో ముఖం పీక్కుపోయింది. వెనకే పెయింటరు. అతని గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకా పోలేదు. మెసేజ్ వచ్చిన రాత్రే పాప కోసం పైన చిన్న గదిలో గోడ మీద సముద్రం వేశాడు. చేపలకి కళ్ళు పెట్టడం మిగిలిపోయింది.

“ఎండలో పడి ఎందుకు దిగారు, సాయంత్రం వచ్చి ఉండాల్సింది,” అన్నాను. “పైగా దీనికి తలనొప్పి. పడుకుంటానంటోంది.”

“నాకేం తలనొప్పి లేదమ్మా,” అంది మా అమ్మాయి.

“చూశావా ఇంజనీరమ్మా, మీ అమ్మ మమ్మల్ని గుమ్మంలోంచే గెంటేస్తోంది,” అన్నాడు పెయింటరు. నవ్వబోయాడు కానీ నవ్వు పెదాల దగ్గరే ఆగింది. “ఒక్క పని మీద వచ్చాం వదినా. చెప్పేసి వెళ్ళిపోతాం.”

పెయింటరు భార్య ఫోను తీసి నా మిషన్ బల్ల మీద పెట్టింది. సరిగ్గా ఆ గౌను పక్కన, కత్తెరకి ఆనించి. ఎక్కడైనా పెట్టొచ్చు కదా. అక్కడే పెట్టింది.

“టీ పెట్టనా?” అని అడిగేశాను. నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. టీ అంటే ఇంకాసేపు కూర్చోబెట్టడమే.

“వద్దక్కా, ఏదీ దిగట్లేదు,” అంది ఆమె. మా అమ్మాయి వైపు తిరిగింది. “నువ్వు కంప్యూటర్లు తెలిసినదానివి తల్లీ. ఈ మెసేజ్ ఎవరు పంపారో కనిపెట్టగలవా?”

పెయింటరు అందుకున్నాడు. “ఎవడో మాతో ఆడుకున్నాడు ఇంజనీరమ్మా. వాడెవడో చెప్పు చాలు. నేను కొట్టను, తిట్టను. ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు చేశావురా అని ఒక్కసారి అడుగుతాను. అంతే.”

మా అమ్మాయి నోరు తెరవబోయింది. గబుక్కున దాని ఎదుట కూర్చుని బల్ల కింద నా కాలు దాని కాలి మీద పెట్టాను. నొక్కి పెట్టాను.

“ఈ కాలంలో ఇలాంటివి ఎన్ని వస్తున్నాయో,” అన్నాను. “మొన్న మా వీధి చివర మందుల షాపాయనకి లాటరీలో కారు వచ్చిందని మెసేజ్. పాపం ఆయనకి సైకిలు తొక్కడమే రాదు. ఎవడని పట్టుకుంటాం తమ్ముడూ.”

“కారు వచ్చిందంటే నవ్వుకునేవాళ్ళం వదినా,” అన్నాడతను.

నేను తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాను.

“రేపు కేంద్రానికి రమ్మన్నారక్కా,” అంది ఆమె. “మేడమ్ ఒక దారి చెప్పింది. ఆశ చంపుకోలేక మెసేజ్ మేమే చేయించుకున్నాం, తప్పు మాదే అని కాగితం మీద రాసిస్తే, పేరు కొట్టెయ్యకుండా వరసలో చివరికి వేస్తుందట. రాయకపోతే మొత్తానికే తీసేస్తుందట.”

“రాయం,” అన్నాడు పెయింటరు.

“నువ్వు రాయవు. నేను రాస్తాను.”

“చెయ్యని పని చేశామని ఎలా రాస్తావ్? రేపు పిల్ల పెద్దదై, ఇదేంటి నాన్నా అని అడిగితే ఏం చెప్పాలి?”

“అడగడానికి ముందు పిల్ల ఉండాలిగా,” అంది ఆమె.

పెయింటరు తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు చూస్తుంటే, ఎత్తయిన నిచ్చెనలెక్కి రంగులు వేసే మనిషి నేల మీద నిలబడలేకపోతున్నాడనిపించింది.

ఆ క్షణంలో నా మనసులోకి వచ్చింది దాచకుండా చెబుతాను. ఆమె రాసిచ్చేస్తే మా అమ్మాయి బయటపడుతుంది. విచారణ ఉండదు. మేనేజరు చప్పుడు లేకుండా ఆ ఒక్క మాటా మార్చేస్తాడు. జీపు రాదు. నా బిడ్డ రేపు బస్సెక్కుతుంది.

“రాసిచ్చెయ్యండి తమ్ముడూ,” అన్నాను. “ఒక కాగితమేగా. పట్టుదలకి పోతే ఉన్నదీ పోతుంది.”

మా అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని. చిన్నప్పుడు స్కూలు గేటు దగ్గర తనని వదిలి నేను వెనక్కి తిరిగినప్పుడు చూసేది చూడు, అలా చూసింది. ఆ చూపులోనే లెక్క మొత్తం అర్థమైంది నాకు. వీళ్ళు చివరికి వెళితే వరసలో వెనకున్నవాళ్ళు ముందుకొస్తారు. వచ్చే ఆదివారం నుంచి ప్రోగ్రాం ఆ పాపని వాళ్ళకి జత చూస్తుంది. ఎవరో ఒకరు ఎప్పటికో ఆ సర్టిఫికెట్ సంగతి కనిపెట్టి కొత్తది తెస్తారు. అప్పుడు మిషన్ కుట్టు పడుతుంది. పాప ఇంకొకరింటికి వెళ్ళిపోతుంది. వీళ్ళకీ ఆ పాపకీ మధ్య అడ్డం ఉన్నదల్లా గడువు దాటిన డాక్టరు కాగితం ఒక్కటే. అది తెలిసినవాళ్ళు ఈ గదిలో ఇద్దరమే.

పెయింటరు భార్య గౌను చేతిలోకి తీసుకుంది. భుజాల దగ్గర పట్టి ఎత్తి చూసింది. ఇస్త్రీ చేసే చేతులు కదా, అలవాటుగా ముడతలు సర్దింది.

“దీన్ని విప్పెయ్యండక్కా. గుడ్డ వృథా ఎందుకు. దిండు గలీబు అవుతుంది.”

“ఉండనీ,” అన్నాను.

“చూసినప్పుడల్లా మీకూ బాధే. ఇటివ్వండి, నేనే విప్పుతాను. కచ్చా కుట్టేగా.” దారం కొస కోసం వేలితో వెతికింది.

మా అమ్మాయి గడియారం వైపు చూసింది.

ఫోను మోగింది.

మోగడమంటే పాటేమీ కాదు. బల్ల మీద బర్రుమని వణికి, కత్తెరని తోసుకుంటూ కాస్త జరిగింది. పెయింటరు వెనక్కి తిరిగాడు. ఆమె గౌను ఒళ్ళో వేసుకుని, ఫోను తీసి, పెదాలు కదుపుతూ చదువుకుంది. తర్వాత బయటికి చదివింది, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ.

“మీకు రెండేళ్ళ పాపను కేటాయించాం. వచ్చి కలవండి.”

పంకా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“మళ్ళీ ఎవడ్రా వీడు,” అన్నాడు పెయింటరు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. “వారం తిరిగిందో లేదో మళ్ళీనా. అదే రోజు. అదే వేళ.”

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఫోను జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది, నిద్రపోతున్నదాన్ని పడుకోబెట్టినట్టు. పెట్టి, మా అమ్మాయి వైపు చూసింది.

“ఇది మోగినప్పుడు మేమందరం దీన్ని చూశాం,” అంది. “నువ్వు మాత్రం మోగకముందే గడియారం చూశావు.”

మా అమ్మాయి చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఒక చేతి వేళ్ళు ఇంకో చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

“వేళెంతయిందో చూసిందిలే చెల్లీ,” అన్నాను. “దానికి ఏదో పనుంది.”

ఆమె నా మాట విననట్టే, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“నువ్వు పుట్టినప్పుడు నేను ఈ ఇంట్లో లేను. అద్దెకొచ్చినప్పుడు నువ్వు రెండు జడలు వేసుకుని తిరిగేదానివి. నీకు జ్వరం వస్తే మీ అమ్మ వణికిపోతుంటే నిన్ను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది మీ బాబాయి. నిన్ను నేను ఏదీ బలవంతంగా అడగను. ఎవరు పంపారో కూడా అడగను. ఒక్కటే అడుగుతాను.” గౌనుని గుప్పిట్లో పట్టుకుంది. “ఆ పిల్ల నిజంగా ఉందా?”

పెయింటరు గోడకి ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు.

నా కాలు ఇంకా మా అమ్మాయి కాలి మీదే ఉంది. నొక్కి పట్టే ఉంది. పాదం కింద దాని వేళ్ళు చల్లబడిపోయాయి. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పై వాటాలో కిటికీ రెక్క గాలికి ఒకసారి కొట్టుకుంది. ఆ కిటికీ వెనకాల కళ్ళు లేని చేపలు ఉన్నాయి.

వానరోజు గుర్తొచ్చింది నాకు. అది నీళ్ళలో నడుస్తూ ఉంటే, చేరాననే మాట పట్టుకుని ఇక్కడ నేను నిశ్చింతగా ఉన్నాను. అది నన్ను భయపడనివ్వకూడదని ఎన్నిసార్లు ఒంటరిగా నడిచిందో. ఇవాళ కూడా నా కోసమే నోరు కట్టేసుకుని కూర్చుంది.

కాలు తీసేశాను.

అది నా వైపు చూసింది. నేను తలూపలేదు. వద్దనీ అనలేదు. చేతులు కొంగులో దాచుకున్నాను.

ఫోను తెర వెలుగు ఆరిపోయింది. పెయింటరు భార్య రెప్ప వెయ్యలేదు. చివరికి మా అమ్మాయి గొంతు సవరించుకుంది. వచ్చిన గొంతు నాకు కొత్తగా ఉంది.

“ఉంది పిన్నీ. అక్కడే ఉంది, ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మెసేజ్ రెండుసార్లూ పంపింది నేను రాసిన ప్రోగ్రామే. రేపు మీరు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మీతో నేనూ వస్తాను.”